గల్లాపెట్టెకి అటూ ఇటూ

మా విశాఖపట్నంలో అడ్రసు చెప్పడం ఒక విద్య. "జగదాంబ దగ్గర దిగండి" అంటాం. కొత్తవాళ్ళు పాపం అమ్మవారి గుడి కోసం వెతుక్కుంటారు. జగదాంబ అంటే సినిమా హాలు సుమండీ! "సింధియా బస్సెక్కండి" అంటాం. సింధియా అనేది ఒకప్పటి ఓడల కంపెనీ పేరు. 1941లో ఆ కంపెనీ ఇక్కడ ఓడలు కట్టే యార్డుకి పునాది వేసింది. 1948లో ఆ యార్డులో కట్టిన 'జల ఉష' సముద్రంలోకి దిగింది. తర్వాత యార్డు ప్రభుత్వపరమై హిందుస్తాన్ షిప్‌యార్డు అయింది. కంపెనీ వెళ్ళిపోయినా పేరు మాత్రం వూరికి అంటుకుని వుండిపోయింది. అంటే ఏమిటన్నమాట? వూరంటే వీధులూ ఇళ్ళూ మాత్రమే కాదు. ఆ వూళ్ళో జనం ఎక్కడ కొంటారో, ఎక్కడ తింటారో, ఏ ఫ్యాక్టరీ సైరనుకి లేస్తారో, అది వూరు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈమధ్య ఇంట్లోంచి కదలకుండానే రెండు బొమ్మల వూళ్ళు చూసొచ్చేను. టీవీలో లెండి. "బొమ్మల కథల మీద విమర్శేమిటి, ఈవిడకి వేరే పని లేదా?" అని మీరు అనుకోవచ్చు. మా వారు అననే అన్నారు. ఉక్కు ఫ్యాక్టరీలో ముప్పైయేళ్ళు షిఫ్టులు చేసి రిటైరైన మనిషికి ఇంట్లో ఎవరు ఖాళీగా కూర్చున్నా నచ్చదు. కానీ ఆ వూళ్ళలో నేను చూసింది బొమ్మల్ని కాదు, కొట్లని. కొట్టు సంగతి మనకంటే ఎవరికి ఎక్కువ తెలుసు చెప్పండి?

మొదటి వూరు ఢోలక్‌పూర్. పిల్లలున్న ఇళ్ళల్లో ఈ వూరు తెలియనివాళ్ళు వుండరు. 'ఛోటా భీమ్' వుండే వూరు. హైదరాబాదులోని గ్రీన్‌గోల్డ్ యానిమేషన్ సంస్థ రాజీవ్ చిలక గారి ఆధ్వర్యంలో దీన్ని తయారుచేసింది. 2008లో పోగో ఛానెల్లో మొదలైంది. మా మనవరాలికి ఆరేళ్ళు. అన్నం ముద్ద లోపలికి వెళ్ళాలంటే ఎదురుగా భీముడు వుండాలి. అలా రోజూ ముద్దలు కలుపుతూ నేనూ చూసేను.

ఆ వూళ్ళో అన్నింటికన్నా ముఖ్యమైన వ్యాపారం టున్‌టున్ మౌసీ మిఠాయి కొట్టు. భీముడి బలమంతా ఆవిడ లడ్డూల్లోనే వుంది. అవి తిన్నాడా, ఎంతటి రాక్షసుణ్ణయినా గిరగిరా తిప్పి విసిరేస్తాడు. మౌసీ కూతురు చుట్కీ భీముడికి స్నేహితురాలు కాబట్టి తల్లి కన్నుగప్పి లడ్డూలు అందిస్తూ వుంటుంది. మౌసీ గరిట పట్టుకుని వెంట పడుతుంది. పిల్లలు కిలకిలా నవ్వుతారు.

ఒకనాడు మా మనవరాలు నోట్లో ముద్ద అలాగే పెట్టుకుని అడిగింది.

"అమ్మమ్మా, లడ్డూ ఎంత?"

"ఏ లడ్డూ?"

"భీమ్ లడ్డూ. ఒకటి ఎంత?"

నాకు జవాబు తట్టలేదు. నేను చూసిన కథల్లో భీముడు డబ్బిచ్చి లడ్డూ కొన్నట్టు లేదు. పోనీ మరో బొమ్మల కథలో చూద్దామా అంటే, 2012లో వచ్చిన 'మోటూ పత్లూ'లో మోటూకి సమోసాలంటే ప్రాణం. ఆ ఫుర్‌ఫురీ నగరంలో టీకొట్టువాడి సమోసాలన్నీ వాడి పొట్టలోకే. అక్కడా డబ్బు కనపడదు, టీకొట్టువాడి లబలబలే కనపడతాయి.

చంటిదాని ప్రశ్న నన్ను పట్టుకుంది. ఉదయం లేచి శనగపప్పు మరలో వేసి పిండి ఆడించి, నూనె కాచి, బూంది దూసి, పాకం పట్టి, చెయ్యి కాలుతూండగానే వుండలు చుట్టేది ఎవరు? ఒక ఆడమనిషి. ఆ లడ్డూ తిని వూరిని రక్షించి దండలు వేయించుకునేది ఎవరు? సరే, పిల్లల కథ. ఇంతగా తూకం వెయ్యకూడదేమో. ఈ మాట ఇక్కడ ముడి వేసి వుంచుతాను, చివర్లో విప్పుదాం.

రెండో వూరికి నన్ను తీసుకెళ్ళింది మా మేనకోడలు. మా తమ్ముడి కూతురు. అమెరికాలో పుట్టి పెరిగిన పిల్ల. వేసవి సెలవలకి తండ్రితో వచ్చింది. పదహారేళ్ళది, అయినా బొమ్మల సినిమా వదలదు. "అత్తా, నువ్వు చూసేది చిన్నపిల్లల కార్టూను. ఇది చూడు, పెద్దవాళ్ళది" అని 'ద సింప్సన్స్' పెట్టింది. 1989 డిసెంబరులో అమెరికా టీవీలో మొదలైన హాస్య ధారావాహిక. సృష్టికర్త మాట్ గ్రోనింగ్. వూరి పేరు స్ప్రింగ్‌ఫీల్డు.

చూస్తూ వుండగానే నాకు తెలిసిన వూరిలా అనిపించింది. వూరికి ఓ పెద్ద ఫ్యాక్టరీ, అణువిద్యుత్ కర్మాగారం. ఇంటి యజమాని హోమర్ అందులో ఉద్యోగి. పొద్దున్న డ్యూటీకి వెళ్ళడం, అక్కడ కునుకు తియ్యడం, సాయంత్రం ఇంటికొచ్చి సోఫాలో కూలబడి టీవీ చూడడం. నేను మా వారి వంక చూసేను. ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నారు.

ఆ వూళ్ళో ఎన్ని కంపెనీలో! డఫ్ అని ఒక బీరు. మనకి అక్కర్లేని సరుకే, అయినా వరసలో చెప్పాలి. 1993 నాటి ఒక కథలో హోమర్ ఆ బీరు ఫ్యాక్టరీ చూడ్డానికి వెళతాడు. మామూలు డఫ్, తేలిక డఫ్, ఇంకో రకం డఫ్ అని మూడు పెద్ద తొట్లు వుంటాయి. తీరా చూస్తే మూడింటిలోకీ నింపేది ఒకే గొట్టం! ఎంత నవ్వుకున్నానో. మనం కొనే బట్టల సబ్బు పొడి మాత్రం? నీలం ప్యాకెట్టు, పచ్చ ప్యాకెట్టు, "మరింత శక్తి" అని ఎర్ర ప్యాకెట్టు. గొట్టం ఒక్కటేనేమో అని నాకెప్పట్నుంచో అనుమానం.

ఇంకోడు క్రస్టీ అని విదూషకుడు. డబ్బిస్తే దేనిమీదైనా తన పేరు వేసుకోనిస్తాడు. క్రస్టీ బర్గరు, క్రస్టీ బొమ్మ, పొద్దున్న పాలల్లో వేసుకునే క్రస్టీ అటుకులు. 1995 నాటి కథలో ఆ అటుకుల డబ్బాలో పిల్లలకి బహుమతి అని అంచులు పదునుగా వున్న రేకు చక్రం ఒకటి పెడతారు. హోమర్ కొడుకు బార్ట్ దాన్ని అటుకులతోపాటు మింగేసి కడుపునెప్పితో ఆస్పత్రిలో పడతాడు. ఏ ప్యాకెట్టులో ఏ బహుమతి వుందా అని పిల్లలు చంపుకు తినే తల్లులకి ఈ హాస్యం ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇవన్నీ లేని కంపెనీలు. అయినా జనం వాటిని ఎంత నమ్మేరంటే, ఆస్ట్రేలియాలో సారా కంపెనీవాళ్ళు నిజంగానే డఫ్ పేరుతో బీరు అమ్మబోయేరు. కథ హక్కుదార్లు కోర్టుకెక్కి 1996లో గెలిచేరు. లేని సరుకుకి వున్న కోర్టులో తీర్పు! 2007 జులైలో సింప్సన్స్ సినిమా వచ్చినప్పుడు సెవెన్-ఇలెవెన్ అనే పెద్ద కొట్ల కంపెనీ తన కొట్లలో పన్నెండింటికి, అమెరికాలో పదకొండు, కెనడాలో ఒకటి, కథలోని కొట్టు వేషం వేసింది. బోర్డు మార్చి, కథలో తినే తిండ్లే అమ్మింది. జనం వరసలు కట్టేరు.

ఆ వేషం ఏ కొట్టుదో చెప్పలేదు కదూ. అసలు సంగతి అక్కడే వుంది.

దాని పేరు క్విక్-ఈ-మార్ట్. పగలూ రాత్రీ తెరిచివుండే చిల్లర కొట్టు. దాని వెనక నిలబడేవాడు మన దేశం మనిషి. పేరు అపూ. ఇంటిపేరు నహాసపీమపెటిలాన్. ఏ రాష్ట్రంలోనూ దొరకని ఇంటిపేరు. అపూ అనే పేరు మాత్రం సత్యజిత్ రాయ్ సినిమాల్లోంచి తీసుకున్నారు. రాయ్ గారి అపూని చూసి లోకమంతా కన్నీళ్ళు పెట్టుకుంటే, ఈ అపూని చూసి నవ్వింది. 1990లో మొదటిసారి కనిపించేడు. గొంతు ఇచ్చింది హ్యాంక్ అజారియా అనే అమెరికన్ నటుడు. మన మాటతీరుని సాగదీసి, వంకరతిప్పి, ఓ రాగం కట్టి మాట్లాడతాడు. కొనుక్కుని వెళ్ళే ప్రతివాడికీ "థాంక్యూ, మళ్ళీ రండి" అని చెప్పడం వాడి పల్లవి.

నిజం చెప్పాలి కదా, నేను నవ్వేను. 1994 నాటి ఒక కథ చూశాం. అపూ పాడైపోయిన మాంసం అమ్ముతాడు, హోమర్‌కి జబ్బు చేస్తుంది, గొడవై అపూ ఉద్యోగం పోతుంది. ఉద్యోగం తిరిగి ఇమ్మని అడగడానికి ఇద్దరూ కంపెనీ పెద్దని కలవడానికి బయల్దేరుతారు. ఆ పెద్ద ఎక్కడుంటాడనుకున్నారు? మన దేశంలో, ఓ కొండ శిఖరం మీద! గడ్డం పెంచుకున్న ఓ గురువుగారు. మూడే ప్రశ్నలు అడగాలి అంటాడు. "నిజంగా మీరేనా యజమాని?" అని అడిగి అడిగి హోమరే ఆ మూడూ తగలేస్తాడు. ఇద్దరూ వట్టి చేతుల్తో దిగొస్తారు. ఇంక చివర్లో కొట్టులో దోపిడీ జరుగుతుంది. అపూ అడ్డుపడి గుండెకి తూటా తగిలించుకుంటాడు. చచ్చిపోడు. ఎందుకంటే, ఇదివరకటి దోపిడీలో తగిలిన తూటా లోపలే వుందట. దానికి తగిలి ఇది ఆగిందట!

నేను పకపకా నవ్వేను. మనవరాలికి అర్థం కాకపోయినా నన్ను చూసి నవ్వింది. నవ్వు ఆపుకుంటూ పక్కకి చూస్తే మా తమ్ముడు నవ్వడం లేదు. లేచి వరండాలోకి వెళ్ళిపోయేడు.

మా తమ్ముడు 1997లో ఎం.ఎస్. చదవడానికి అమెరికా వెళ్ళేడు. మా నాన్నగారు ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టి అప్పు తెచ్చి పంపించేరు. ఆరు నెలలకి ఉత్తరం వచ్చింది, "స్టోర్సులో పని దొరికింది, ఫీజుకి ఇబ్బంది లేదు" అని. మా అమ్మ మా క్వార్టర్స్ వీధి వీధంతా తిరిగి చెప్పింది, "మావాడికి స్టోర్సులో వుద్యోగం" అని. ఉక్కునగరంలో 'స్టోర్స్' అంటే డిపార్టుమెంటు కదండీ! నట్లూ బోల్టుల దగ్గర్నుంచి పెద్ద పెద్ద మోటార్ల దాకా లెక్క చూసే చోటు. స్టోర్స్ ఆఫీసరంటే మాటలా? మా అమ్మ పోయేదాకా అదే నమ్మకంతో వుంది. వాడు చేసింది ఓ పెట్రోలు బంకు పక్కన చిల్లర కొట్టులో, రాత్రి పదింటి నుంచి పొద్దున్న ఆరింటిదాకా, గల్లాపెట్టె వెనక.

ఇది నాకు తర్వాత తెలిసింది. కానీ ఆ మధ్యాహ్నం వరండాలో చెప్పిన ముక్క మాత్రం అప్పుడే విన్నాను.

"అక్కా, ఒకరాత్రి తుపాకీ పట్టుకుని ఒకడొచ్చేడు. గల్లాపెట్టెలో అరవై మూడు డాలర్లున్నాయి. తీసిచ్చేను. నోట్లు లెక్కపెట్టి మరీ ఇచ్చేను, అలవాటు కదా. వాడు తలుపు తోసుకుని వెళ్తూంటే నా నోట్లోంచి ఏమొచ్చిందో తెలుసా?"

"ఏమొచ్చింది రా?"

"థాంక్యూ, మళ్ళీ రండి... అని."

వాడు నవ్వేడు. నేనూ నవ్వేను. నవ్వుతూ నవ్వుతూ నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చేయి. రోజూ కుర్రాళ్ళు కొట్లోకొచ్చి ఆ బొమ్మమనిషి యాసతో అదే మాట వీడి మొహమ్మీద అనేసి పోయేవారట. తను అనకూడదని నాలుక కరుచుకునేవాడట. ఆ రాత్రి, అంత భయంలో, అదే మాట బయటికొచ్చింది.

అమ్మలూ, నేను చెప్పదలుచుకున్న విమర్శంతా ఇక్కడుంది. టీవీలో చూసినదీ కొట్టు, దోపిడీ, తుపాకీయే. తమ్ముడు చెప్పిందీ అవే. రెండింటికీ నవ్వేను. కానీ ఆ రెండు నవ్వులూ ఒకటి కావు. మొదటిది గల్లాపెట్టెకి ఇటుపక్కన నిలబడి, కొనడానికి వచ్చినవాడు చూసి రాసిన హాస్యం. రెండోది అటుపక్కన నిలబడ్డవాడు చెప్పిన హాస్యం. ఇటునుంచి చూస్తే తూటా తమాషా. అటునుంచి చూస్తే, నోట్లు లెక్కపెట్టి ఇవ్వడం తమాషా.

డఫ్ బీరు మీద వేళాకోళం నన్నెందుకు నొప్పించలేదో కూడా అప్పుడు తెలిసింది. అది కంపెనీ అత్యాశ మీద హాస్యం. మోసపోయేది మనం కాబట్టి మన తరఫున వేసిన చమత్కారం. క్విక్-ఈ-మార్ట్‌లో కూడా పాత సరుకు అమ్మడం, తేదీలు దిద్దడం, నాణానికి రెండింతలు లాగడం మీద ఎంతైనా నవ్వొచ్చు. అది సరుకు మీద నవ్వు. కానీ కథ అక్కడ ఆగకుండా సరుకు దాటి మనిషి మీదికి వచ్చింది. వాడి పేరు, వాడి మాట, వాడి దేవుడు, వాడికి ఒకే కాన్పులో పుట్టిన ఎనిమిదిమంది పిల్లలు. మాంసం పాడైతే పారెయ్యొచ్చు. మాటతీరు పారేసుకుని మనిషి ఎక్కడికి పోతాడు?

ఈ మాట అమెరికాలో గట్టిగా అడిగినవాడు మన తెలుగువాళ్ళ అబ్బాయే. పేరు హరి కొండబోలు. ఆంధ్ర నుంచి వెళ్ళిన తల్లిదండ్రులకి న్యూయార్కులో పుట్టిన హాస్యగాడు. వేదిక మీద ఒక్కడూ నిలబడి మాటలతో నవ్వించే వృత్తి. 2017లో 'ద ప్రాబ్లం విత్ అపూ' అనే డాక్యుమెంటరీ తీసేడు. మా మేనకోడలే చూపించింది. అందులో అతను అంటున్నది ఏమిటంటే, తను చిన్నప్పుడు టీవీలో మనవాళ్ళంటూ కనిపించినది దాదాపు ఈ బొమ్మ ఒక్కటే. దాంతో బడిలో, వీధిలో మన పిల్లలందరికీ అదే పేరు, అదే వెక్కిరింత. హాస్యగాడే హాస్యాన్ని నిలదీశాడంటే, నవ్వు రానివాడై కాదు. సింప్సన్స్ అంటే తనకి ఇష్టమని కూడా అతనే చెప్పేడు.

దానికి ఆ కథవాళ్ళు 2018 ఏప్రిల్లో తమ కథలోనే జవాబిచ్చేరు. హోమర్ కూతురు లీసా చేత, ఒకప్పుడు అందరూ మెచ్చుకున్నది ఇప్పుడు తప్పయిపోయింది, ఏం చేస్తాం అన్న ధోరణిలో అనిపించి, అపూ ఫొటో చూపించేరు. తెలివిగల పిల్లగా పేరున్న లీసా చేత ఆ మాట అనిపించడం నాకు మరీ బాధ కలిగించింది. వంటలో ఉప్పెక్కువైందంటే "మా ఇంట్లో ఎప్పుడూ ఇంతే వేస్తాం" అనడం లాంటి జవాబు అది. తర్వాత 2020లో అజారియా ఆ గొంతు ఇవ్వడం మానుకున్నాడు. 2021లో క్షమాపణ కూడా చెప్పేడు. అది పెద్దమనసే. కానీ ఆ తర్వాత అపూ కనిపించినా మాటలు లేకుండా గుంపులో నిలబడ్డాడు. ఏదీ, వెక్కిరింపు మాట వద్దంటే అసలు మాటే లేకుండా పోవాలా?

ఎందుకంటే ఆ పాత్రలో మంచి కథ లేకపోలేదు. 1996లో వచ్చిన ఒక కథలో తెలుస్తుంది, అపూ వట్టి కొట్టువాడు కాదు, కంప్యూటర్లలో డాక్టరేటు చేసినవాడు. చదువు అప్పు తీర్చడానికి కొట్లో చేరి, వూరివాళ్ళతో స్నేహాలు కలిసి, అక్కడే వుండిపోయినవాడు. పరదేశీయుల్ని పంపేద్దామని వూరు వూరంతా ఎగిరితే, పుస్తకాలు ముందేసుకుని చదివి పౌరసత్వం పరీక్ష పాసవుతాడు. చూస్తూ వుంటే మా తమ్ముడి కథే. మీ ఇంట్లో ఎవరో ఒకరి కథే. ఇంత తెలిసి రాసినవాళ్ళు ఇంకో నాలుగడుగులు వేసి గల్లాపెట్టె చుట్టూ తిరిగి అటుపక్కకి వచ్చివుంటే ఎంత బాగుండేది! "మా స్టోర్స్ ఆఫీసరు" అని వీధిలో చెప్పుకు తిరిగే తల్లిని ఒక్కదాన్ని పెడితే చాలదూ? నవ్వుకి నవ్వు, కథకి కథ.

సరే, అమెరికావాళ్ళని అనేశాం. మరి మనం?

ఇక్కడ నేను కొంచెం గొంతు తగ్గించాలి. మన సినిమాల్లో టీకొట్టు నాయరు వచ్చీరాని తెలుగు మాట్లాడితే హాలంతా ఘొల్లుమనలేదూ? తాకట్టు కొట్టు సేఠ్ "నిమ్మళ్కీ", "నంకీ" అంటే మనం ఇంటికొచ్చి వారం రోజులు అనుకరించలేదూ? ఆ నాయరుకి మన మాట ఎంత కష్టపడి నేర్చుకున్నాడో అని ఎప్పుడైనా అనుకున్నామా? అంతదాకా ఎందుకు, మన శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం మాటనే తీసుకోండి. "ఏటి సేస్తన్నావు?" అనే మాట సినిమాలో ఎవరి నోట పెట్టేరు? పనిమనిషి నోట, లేకపోతే హాస్యగాడి నోట. హీరోయిన్ అలా మాట్లాడితే చూశామా అంటే, వేళ్ళమీద లెక్కపెట్టాలి. ఆ సినిమాలు చూసి మన జగదాంబలోనే కూర్చుని మనమే నవ్వేం. కాలేజీ చదువుకి కృష్ణాజిల్లా వెళ్ళిన మన పిల్లలు నెల తిరిగేసరికి మాట మార్చుకుని ఇంటికి వచ్చేరు. మా తమ్ముడు నాలుక కరుచుకున్నట్టే వాళ్ళూ కరుచుకున్నారన్నమాట. అమెరికా కుర్రాళ్ళు ఒక్కళ్ళే కాదు తప్పుచేసింది.

కాబట్టి ఇప్పుడు నేను ఏ హాస్యం చూసినా ఒక్కటే ప్రశ్న వేసుకుంటున్నాను. ఈ కొట్టులో నవ్వు ఎటునుంచి వస్తోంది, గల్లాపెట్టెకి ఇటునుంచా, అటునుంచా? కొట్టువాణ్ణి చూసి నవ్వుతున్నామా, కొట్టువాడితో కలిసి నవ్వుతున్నామా? మీరూ వేసుకుని చూడండి. ఈ ప్రశ్నకి డిగ్రీలక్కర్లేదు.

ఇంతకీ ముడివేసి వుంచిన లడ్డూ మాట. టున్‌టున్ మౌసీ మనదేశపు బొమ్మే, తీసినవాళ్ళు మన హైదరాబాదువాళ్ళే. ఆవిడ మాటతీరుని ఎవరూ వెక్కిరించలేదు. ఆ మేరకు సంతోషం. అయినా ఆ కొట్టుని కూడా ఇటుపక్కనుంచే చూశారని నా అభియోగం. లడ్డూ భీముడి పొట్టలోకి వెళ్ళే దారి కథలో వుంది, మౌసీ చేతిలోంచి వచ్చే దారి లేదు. ఆవిడ ఎప్పుడు లేస్తుంది, పప్పు ఎక్కడ తెస్తుంది, పోయిన లడ్డూల లెక్క ఎవరితో చెప్పుకుంటుంది? ఒక్క కథ, ఒకే ఒక్క కథ, మౌసీ గరిట వెనకనుంచి చూపిస్తే చూడాలని వుంది. కోరిక పెద్దదేం కాదు. భీముడు ఆవేళ లడ్డూకి డబ్బిస్తే చాలు. మా మనవరాలికి నేను జవాబు చెప్పుకోగలుగుతాను.

తమ్ముడు తిరిగి వెళ్ళే ముందురోజు సాయంత్రం అగరొత్తులు, కర్పూరం కావాలంటే మా సందు చివర కిరాణా కొట్టుకి ఇద్దరం వెళ్ళేం. నాకు పాతికేళ్ళుగా తెలిసిన కొట్టు. గల్లాపెట్టె పైన రేకుబోర్డు, రంగు వెలిసి, అక్షరాలు మాత్రం స్పష్టంగా వున్నాయి: "నేడు నగదు – రేపు అరువు". మీ వీధిలోనూ వుండే వుంటుంది. చూసీ చూసీ నేను ఎప్పుడో చదవడం మానేసిన బోర్డు.

మా తమ్ముడు అది చదివి ఆగిపోయేడు. కొట్టాయనకేసి చూసి, "అయితే బాబూ, రేపే వస్తాను" అన్నాడు.

కొట్టాయన పొట్లం కడుతూ, తల ఎత్తకుండా, "రండి బాబూ, తప్పకుండా రండి. రేపొచ్చినా బోర్డు ఇదే వుంటాది" అన్నాడు.

మా తమ్ముడు పడీ పడీ నవ్వేడు. కొట్టాయనా నవ్వేడు. పొట్లం చేతికిస్తూ, "అమెరికా నుంచొచ్చేరా? మళ్ళీ రండి" అన్నాడు.

"థాంక్యూ" అన్నాడు మా తమ్ముడు.